లిఫ్టులో చివరి మాట

“పదకొండు కొట్టేలోపు నీ మరిది చావాలి,” అన్నాడు చీఫ్. “నీ వల్ల కాకపోతే ఇంకొకరికి అప్పగిస్తా.”

“నేనే చేస్తాను సార్,” అంది గువ్వ.

గువ్వ ఆమె కోడ్ పేరు. మూడు వారాల క్రితం ఆఫీసు లిఫ్టు బేస్‌మెంట్‌లో తెరుచుకోగానే ఎవరో కాల్చారు. భర్త అక్కడే పోయాడు. తలకు దెబ్బ తగిలి పడిపోయిన ఆమెకు ఆ ఒక్క నిమిషం గుర్తులేదు. నిన్న ఏజెన్సీ డాక్టర్ ఆమెను హిప్నటైజ్ చేశాడు. పక్కన కూర్చుని రాసుకున్నది రికార్డుల ఆఫీసర్. మనిషికంటే ముందు సెంటు వాసన గదిలోకొస్తుందని ఆమెను అందరూ అత్తరు అంటారు.

ఆ మగతలో, ట్రాన్స్‌లో, గువ్వకు రెండు జ్ఞాపకాలు దొరికాయి. కాల్చిన మనిషి: మరిది రోజూ పెట్టుకునే బూడిద రంగు టోపీ, దాని కింద అతని ముఖం. భర్త చివరి మాట: “నువ్వు పద, వెనకే వస్తా.”

ఆ మాట దొరికాకే, మూడు వారాల తర్వాత, ఆమె కడుపునిండా తిన్నది.

మరిది అదే ఆఫీసులో వైర్‌లెస్ ఆపరేటర్. మన తొమ్మిదిమంది ఏజెంట్ల పేర్లు ఈరోజు పదకొండింటికి విదేశీ ముఠాకు అందబోతున్నాయని కబురు. అరెస్టు చేస్తే ముఠా జాగ్రత్తపడుతుంది. అందుకే చీఫ్ ఆమె చేతిలో ఒక పెన్ను పెట్టాడు. లోపల విషపు సూది. గుండెపోటులా కనిపిస్తుంది.

పది యాభై. టెలిఫోన్ మెకానిక్ వేషంలో గువ్వ వైర్‌లెస్ గది ముందు నిచ్చెన వేసింది. చెవిలోని ఇయర్‌పీస్ గరగరలాడింది.

“అమ్మా, డాక్టర్‌ని. నిన్నటి మన సెషన్ టేపు మొదట్నుంచీ విన్నాను. టోపీ సంగతి నువ్వు చెప్పలేదు. ‘బూడిద రంగు టోపీయేనా’ అని అత్తరే అడిగింది. ఆ తర్వాతే నీకు టోపీ కనిపించింది.”

“నేను చూశాను డాక్టర్.”

“చూశావు. అదే దీంతో వచ్చిన చిక్కు. దెబ్బ తగిలిన ఆ నిమిషం నీ మెదడులో అసలు పడి ఉండకపోవచ్చు. పడనిదాన్ని ఎవరు తీయగలరు? అడిగినదాన్ని మనసే అల్లి ఇస్తుంది. అది నిజం కంటే నిజంగా ఉంటుంది.”

ఆమె ఇయర్‌పీస్‌ను చెవికి అదుముకుంది. “మరి ఆయన మాట? అది ఎవరూ అందించలేదుగా.”

అవతల టేపు వెనక్కి తిరిగిన చప్పుడు.

“నేనే అడిగానమ్మా. ‘పోయేముందు ఏమన్నాడు’ అని. అడక్కుండా ఉండాల్సింది.”

“టోపీ అబద్ధం, మాట నిజం అనుకుంటే?”

“రెండూ ఒకే చెట్టు కాయలు.”

తలుపు తెరుచుకుంది. మరిది ఆమెను ఎగాదిగా చూశాడు.

“వదినా, వేషం బాగుంది గానీ నిచ్చెన తలకిందులుగా వేశావు. అన్నయ్య చూస్తే పొట్ట పట్టుకుని నవ్వేవాడు.”

అతని మెడ చెయ్యి చాపితే అందే దూరంలో ఉంది. ఆ టోపీని నమ్మి ఈ మనిషిని చంపితే భర్త మాట తనదగ్గరే ఉంటుంది. వదిలితే అదీ పోతుంది.

ఆమె పెన్ను మూత పెట్టేసింది.

“లోపలికి పద. ఈ బిల్డింగులోంచి ఎవరు సిగ్నల్ పంపుతున్నారో వెతుకు.”

పది యాభై ఎనిమిదికి అతను ఇయర్‌ఫోన్ తీశాడు. “ఎవరో సిగ్నల్ సరిచూసుకుంటున్నారు. పై అంతస్తు. రికార్డుల గది.”

ఇద్దరూ మెట్లెక్కి పరుగెత్తారు. అత్తరు చేతిలో లిప్‌స్టిక్ అంత ట్రాన్స్‌మిటర్, వేలు బటన్ మీద. గువ్వ చేతిలో పిస్టల్.

“కాల్చకు,” అంది అత్తరు, పాత స్నేహితురాలిలా. “ఆరోజు లిఫ్టు బయట ఉన్నది నేనే. మీ ఆయన నిజంగా ఏమన్నాడో ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు. పది సెకన్లు ఆగు, చెప్తా.”

గోడ గడియారంలో ముల్లు పదకొండు వైపు కదులుతోంది; అవతల ముఠా వినేది అప్పుడే. తొమ్మిది పేర్లు. తొమ్మిది ఇళ్ళు.

ఒక సెకను ఆగింది గువ్వ. రెండు. మూడు.

కాల్చింది. ట్రాన్స్‌మిటర్ ముక్కలైంది. రక్తం కారుతున్న చెయ్యి పట్టుకుని అత్తరు నవ్వింది. “ఇక చచ్చినా చెప్పను.”

సాయంత్రం చీఫ్ మొహమాటంగా అన్నాడు. “దాన్నీ డాక్టర్ ముందు కూర్చోబెడదామా? నీ కోసం.”

డాక్టర్ తల అడ్డంగా ఊపాడు. “చెప్పకూడదనుకున్నది ట్రాన్స్‌లోనూ చెప్పదు సార్. అబద్ధాలు కావాలంటే ఎన్నైనా చెబుతుంది.”

రిపోర్టులో ‘మృతుని చివరి మాట’ అన్న గడిలో గువ్వ ‘తెలియదు’ అని రాసింది. రాయడానికి చాలాసేపు పట్టింది.

“నిద్ర పట్టించగలరా డాక్టర్?”

“అది నా చేతనవుతుందమ్మా.”

“అయితే రేపొస్తాను. ఈసారి మాత్రం ఏమీ అడక్కండి.”