మూడు హారన్ల మిల్లు

జగిత్యాల నుంచి బీర్పూర్ పోయే దారిలో మూతబడ్డ రైస్ మిల్లు ఒకటి ఉంది. తలుపులు ఎప్పుడో పోయాయి, కిటికీల చట్రాలు కూడా ఎవరో పీక్కుపోయారు. పొద్దుగూకాక అక్కడ ఎవరూ ఆగరు... ఆగకూడదు.

అక్కడ లచ్చయ్య ఉన్నాడు.

మిల్లు నడిచిన రోజుల్లో లచ్చయ్య వాచ్‌మన్. వడ్ల లారీ మూడుసార్లు హారన్ కొడితే లేచి గేటు తీసేవాడు. రెండుసార్లు కొడితే పక్క మీద నుంచి కదిలేవాడు కాదు. ఒక రాత్రి ఆ గేటు పక్కన, మంచం మీదే పోయాడు. అప్పటినుంచి ఆ దారిన పోయే ప్రతి బండీ మూడు హారన్లు కొడుతుంది — లచ్చన్నా, మేం పోతున్నం, గేటు తీసే పనిలేదు, నువ్వు పండుకో అని. కొట్టకపోతే లేచి వస్తాడట. హెల్మెట్ లేకుండా ఒకే బండి మీద ముగ్గురు పోయేవాళ్లు కూడా ఈ ఒక్క నియమం మాత్రం తప్పరు.

ఇది నేను చూసింది కాదు. నేనుండేది భివండీలో, ఇద్దరు పిల్లలతో. ఊరికి ఇంత దూరంలో ఉన్నదాన్ని, ఫోన్ మోగితే చాలు, రెండో రింగు రాకముందే ఎత్తుతాను. ఆ పొద్దు చేసింది నా తమ్ముడి భార్య, దీప తల్లి స్వరూప.

"వదినె, ముందుగాల కూసో."

"దీప మంచిగున్నదా? గది చెప్పు ముందు."

"మంచిగనే ఉన్నది. చెయ్యి జర కమిలింది. నువ్వైతే విను..."

నా తమ్ముడు సురేందర్ దగ్గర పదిహేనేళ్ల పాత కారుంది. అద్దం దించాలంటే హ్యాండిల్ తిప్పాలి. "బావి గిరక తిప్పినట్టు తిప్పుతవేందిరా" అని ఎవరో నవ్వారట. అంతే, జగిత్యాలలో నర్సింగం అనే మెకానిక్ దగ్గరికి పోయి నాలుగు తలుపులకూ పవర్ విండోలు పెట్టించాడు. హ్యాండిళ్లు పీకి ఇనుప సామాన్ల కుప్పలో పడేశారు. గేరు పక్కన నాలుగు కొత్త బటన్లు. వాటికి పసుపు, కుంకుమ, ముందర కొబ్బరికాయ. బెల్టు పెట్టుకోనివాడు బటన్లకు మాత్రం బొట్టు పెట్టాడు.

పట్నం దాటేదాకా నాలుగు అద్దాలూ దించే ఉంచాడు. అవి దిగుతాయని నలుగురికీ తెలియాలిగా. ఊరు దాటాక, వెనక సీట్లో ఐదేళ్ల దీప నిద్రపోయింది. స్వరూప అద్దాలన్నీ ఎక్కించింది.

"బిడ్డ పండింది. హారన్ కొట్టకుర్రి."

కొట్టలేదు. బర్రెలు అడ్డం వచ్చినా కొట్టలేదు.

మిల్లు వచ్చింది. చీకటి... కిటికీల్లేని గోడలు... కొట్టక తప్పదు.

మొదటి హారన్.

నాలుగు అద్దాలూ నాలుగేసి వేళ్లు దిగాయి — వాటంతటవే.

"మీరు ఒత్తిన్రా?" స్వరూప గుసగుసగా అడిగింది.

"నేనెందుకు ఒత్తుత?"

రెండో హారన్. అద్దాలు సగానికి వచ్చాయి. పొట్టు వాసనతో చల్లగాలి లోపలికి దూరింది.

ఇక్కడ బుద్ధి ఉన్నవాడైతే ఆపుతాడు. కానీ రెండింటితో ఆపితే లచ్చయ్యకు కోపం... మూడోది కొట్టాడు. అద్దాలు పూర్తిగా దిగిపోయాయి. మూడు హారన్లకు గేటు తీసినవాడు, ఇప్పుడు కారు తీస్తున్నాడు!

ఇంజన్ ఆగిపోయింది. దెయ్యం పని కాదు. భయంలో క్లచ్ వదిలేశాడు.

గాలికి దీప లేచింది. నిద్రమత్తులో చెయ్యి బయట పెట్టింది. సురేందర్ ముందు చూస్తూనే నాలుగు బటన్లనూ పైకి ఒత్తి పట్టాడు. అద్దాలు లేచాయి...

వెనక నుంచి కేక.

"బాపూ! నా చెయ్యి! ఎవలో పట్టుకున్నరు!"

పట్టుకున్నారట! పట్టుకున్నవాడిని బయటే ఆపాలని నా తమ్ముడు ఇంకా గట్టిగా ఒత్తాడు.

"బాపూ, నొస్తుంది!"

ఇంకా గట్టిగా ఒత్తాడు.

అప్పుడు వెనక అద్దం పక్కన ఒక మొహం కనబడింది. తలకు తువ్వాల, ఎర్రటి కళ్లు. "ఇడువు... ఇడువు..." అంటోంది.

సురేందర్ బటన్లు వదిలి, రెండు చేతులతో హారన్ మీద పడ్డాడు. అద్దాలు దిగాయి. దీప చెయ్యి విడిపడింది. కారు స్టార్టయి, ఎట్లా పోయిందో తెలియదు, ఇల్లు చేరింది.

తెల్లారి కోడిని తీసుకుని, అదే కారులో మళ్లీ మిల్లుకు పోయారు. లచ్చయ్య బిడ్డను వదిలిపెట్టాడు కదా, మొక్కు. కోడి అనగానే అటు వచ్చాడు ఆ మొహం వాడు — తాళ్లెక్కి కల్లు గీసే గంగారాం. రాత్రి మోపెడ్ మీద కల్లు కుండలతో పోతూ ఆగాడట.

"లచ్చన్న కాదు పాడు కాదు. పోరి చెయ్యి అద్దంల ఇరికింది. ఇడువు, ఇడువు అని నేనే మొత్తుకున్న. నీకు దెయ్యం గనవడ్డది గని బిడ్డ గనవడలేదాయె!"

"మరి అద్దాలెట్ల దిగినయ్?"

"గా హారన్ మల్లోపాలి కొట్టు, సూద్దాం."

కొట్టాడు. పట్టపగలు, నలుగురి ముందు, అద్దాలు దిగాయి. హారన్ తీగనూ అద్దం దించే తీగనూ నర్సింగం ఒకే చోట మెలేసి టేపు చుట్టాడు. అదే లచ్చయ్య. అప్పటికే కోడి కోసేశారు గనక కూర మాత్రం ఆగలేదు.

సాయంత్రం సురేందరే వీడియో కాల్ చేశాడు. "అక్కా, నర్సింగంతోని సాపు చేపిచ్చిన. తీగ ఇడదీసిండు. ఇగ దయ్యం లేదు." గర్వంగా నవ్వాడు.

"మరి చెయ్యి అడ్డమొస్తే అద్దం ఆగుతదా?"

"నువ్వు అన్నిటికి గిట్లనే భయపడుతవక్కా..."

"కీర దోసకాయ ఉన్నదా ఇంట్ల? అద్దం మీద పెట్టి బటన్ ఒత్తు. నాకు సూపియ్యి."

నవ్వుతూనే పెట్టాడు. అద్దం లేచింది. ఆగలేదు. దోసకాయ చట్రానికి నలిగి, నీరు కారి, అక్కడే ఇరుక్కుపోయింది. తమ్ముడి నవ్వు ఆగింది. వేలు మాత్రం బటన్ మీదే బిగుసుకుపోయింది.

వెనక నుంచి దీప, కమిలిన చెయ్యిని ఇంకో చేత్తో పట్టుకుని, మెల్లగా అంది —

"బాపూ... హారన్ కొట్టు. లచ్చయ్య తాత ఇడిసిపెడ్తడు."

కొట్టాడు. మూడుసార్లు.

హారన్ మోగింది. అద్దం కదల్లేదు.