సింధూరి దవడ పన్ను

మూడో పీరియడ్ సగంలో ఆయా శౌరమ్మ ఐదో తరగతి గుమ్మం దగ్గరికి వచ్చింది. రాగిణిని ఒకసారి పంపమని టీచర్‌ని అడిగింది.

ఒకటో తరగతిలో రాగిణి చెల్లెలు సింధూరి బెంచీ మీద తల వాల్చి ఉంది. ఎడమ బుగ్గ బాగా వాచింది. ఒళ్ళు కాలిపోతోంది. నోరు తెరవలేకపోతోంది.

వాళ్ళమ్మ కనకలక్ష్మి ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపులో పనిచేస్తుంది. ఫోన్ రాగానే పరుగున వచ్చింది. ముగ్గురూ ఆటోలో పళ్ళ డాక్టర్ ఛాయాదేవి గారి దగ్గరికి వెళ్ళారు. దారిలో ప్రతి గతుకుకీ సింధూరి మూలిగింది.

పాపకి రోజూ పళ్ళు ఎవరు తోమిస్తారని డాక్టర్ గారు అడిగారు. తను ఏడింటికే బస్సెక్కుతానని, పెద్దమ్మాయే దగ్గరుండి తోమిస్తుందని అమ్మ చెప్పింది.

రాగిణి తల దించుకుంది.

డాక్టర్ గారు దూదితో సింధూరి పళ్ళకి గులాబీ రంగు మందు రాసి, పుక్కిలించమన్నారు. నీళ్ళు ఉమ్మినా రంగు పోలేదు. చిగుళ్ళ వెంబడి మందంగా మిగిలిపోయింది.

"ఇదంతా పాచి," అన్నారామె. "బాక్టీరియా పంటికి అతుక్కుని, మనం తిన్న తీపితోనే జిగురు చేసుకుంటాయి. ఆ జిగురులో గుంపులుగా పెరుగుతాయి. పంటిని తినేసే యాసిడ్ వదులుతాయి. పుక్కిలిస్తే ఊడవు, రోజూ బ్రష్‌తో రుద్దాల్సిందే. ఈ పన్ను ఒక్క రోజులో పాడైంది కాదండీ."

అమ్మ సింధూరి వైపు తిరిగింది. అక్క తోమించాక చాటుగా చాక్లెట్లు తింటున్నావా అని గద్దించింది. సింధూరి తల అడ్డంగా ఊపింది. అక్క వైపు చూసింది.

రాగిణి తలెత్తింది.

"అమ్మా, నేను తోమించట్లేదు. దసరా సెలవుల నుంచీ. బ్రష్ తడిపి పెట్టేసి ఫోన్ చూసుకుంటున్నాను."

అమ్మ తిట్టలేదు. సింధూరిని దగ్గరికి లాక్కుంది. రాగిణి వైపు చూడలేదు.

చీము వేరు దాకా పట్టింది కాబట్టి దవడ పన్ను తీసెయ్యాలన్నారు డాక్టర్ గారు. అక్కడ కొత్త పన్ను రావడానికి నాలుగైదేళ్ళు పడుతుందట. ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు రాగిణి చెల్లి కాళ్ళు పట్టుకోవాల్సి వచ్చింది. ఆ కాళ్ళు గట్టిగా తన్నుకున్నాయి. కాసేపటికి తన్నడం మానేసి వణికాయి.

వారం రోజులు సింధూరి పళ్ళు అమ్మే తోమింది. ఎనిమిదో రోజు పొద్దున రాగిణి బ్రష్ పట్టుకుని చెల్లి ఎదురుగా కూర్చుంది.

"నువ్వొద్దు. అమ్మ కావాలి," అంది సింధూరి. పెదాలు బిగించేసింది.

రాగిణి తొందరపెట్టలేదు. కదలకుండా అలాగే కూర్చుంది. చాలాసేపటికి సింధూరి కొంచెం నోరు తెరిచింది. రాగిణి ఒక్కొక్క పన్నూ మెల్లగా రుద్దింది. బ్రష్ ఖాళీ చిగురు వైపు వెళ్ళగానే నోరు మూసుకుపోయింది.

గుమ్మంలో అమ్మ చెప్పులు వేసుకుంటూ ఆగింది.

"కుడివైపు అయ్యాయమ్మా," అంది రాగిణి. "ఎడమవైపు తోమలేదు. భయపడుతోంది."

అమ్మ బ్యాగు కింద పెట్టి వెనక్కి వచ్చింది. సింధూరి తల తన ఒళ్ళోకి తీసుకుంది. ఏడింటి బస్సు వెళ్ళిపోయింది. రాగిణి మళ్ళీ బ్రష్ అందుకుని, మిగిలిన పళ్ళు తోమడం మొదలుపెట్టింది.