అన్న జేబులోని యాంటెన్నాలు

కంప్యూటరు జబ్బులన్నిటికీ కారణాలు మూడే: దుమ్ము, వదులు, మనిషి. ముప్పై ఏళ్లుగా రిపేర్లు చేస్తున్న మెకానిక్ బాబాయ్ మాట ఇది. ఆయనకో పాడలవాటు కూడా ఉంది. విప్పిన మర ఏదైనా సరే, చొక్కా జేబులో పడేస్తాడు. చొక్కా ఉతకబోతూ భార్య వాటిని గలగలా బయటికి తీసి, "ఇది జేబు కాదు, ఇనప కొట్టు" అని దెప్పుతుంది. పోనివ్వండి, అసలు సంగతికొద్దాం.

ఆరోజు మబ్బు మూసి సాయంత్రం నాలుగున్నరకే చీకటి కమ్మింది. ఎదురింటి మేడ మీద అమ్మాయి కబురు పెడితే వెళ్లాడు. ఆరింటికి ఆమెకి ఉద్యోగం ఇంటర్వ్యూ. పరీక్ష కూడా అందులోనే, కంప్యూటర్ మీదే. అన్న పోయాడంటే ఒకసారి వాయిదా వేశారు. రెండోసారి కుదరదని చెప్పేశారు. ఆమె ఫోను చూస్తే అద్దం పగిలి, మాటకి తప్ప పనికిరాదు.

"కింద ఇంటివాళ్ల వైఫై అందట్లేదు బాబాయ్. ఈ ఇంటర్వ్యూ పోతే నా పని అంతే."

ఆ కంప్యూటరు పెట్టె కొన్నది కాదు. అన్న ఒక్కో భాగం ఏరి తెచ్చి సొంతంగా బిగించుకున్నాడు. లోపల ప్రతి తీగకీ ఓ చీటీ, గుండ్రటి అక్షరాలతో. అంత పొందిగ్గా కూర్చిన చెయ్యి ఇప్పుడు లేదు గదా అనుకుంటూ బాబాయ్ వైఫై డ్రైవరు సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించాడు. వైఫై కార్డు ఊడదీసి, తుడిచి, మళ్లీ గుచ్చాడు. కార్డు బతికే ఉంది. కానీ దానికి ఒక్క నెట్‌వర్కూ కనబడటం లేదు. చివరికి పెట్టె వెనక్కి తిప్పి నవ్వేశాడు.

"ఓసి పిచ్చిమొహమా! యాంటెన్నాలేవే? చెవిటివాడి ముందు శంఖం ఊదుతున్నాం ఇంతసేపూ!"

ఆమె నవ్వలేదు. అంతసేపూ నోట రాని మాట అప్పుడు చెప్పింది.

"అవి అన్న జేబులో ఉన్నాయి."

ఆమె పుస్తకం మూసి కంప్యూటర్లో సినిమాలు చూస్తుంటే అన్న ఆ రెండూ విప్పి జేబులో వేసుకునేవాడట. 'ఇక చూడను, ఒట్టు' అంటే తనే వచ్చి బిగించేవాడు. ఆ చివరి రోజు ఆమె మొండికేసింది. "నువ్వే ఉంచుకో, పో" అంది. ఆ మధ్యాహ్నమే ఏట్లో అన్న ఎక్కిన పడవ బోల్తాపడింది. పది రోజులు గాలించారు. మనిషీ దొరకలేదు, ఫోనూ దొరకలేదు.



"కొట్లో పాతవి ఉన్నాయి. పది నిమిషాల్లో తెస్తానుండు" అని లేచాడు బాబాయ్.

అప్పుడే తెర మీద నెట్‌వర్కుల చోట ఓ పేరు వచ్చింది. 'అన్న'. పక్కన ఒక్క సిగ్నల్ గీత.

"ఎవరిదే ఇది?"

"అన్న... ఫోన్‌ది. హాట్‌స్పాట్."

యాంటెన్నాలు లేని కార్డుకి పక్కగది మాటే వినబడదు. వినబడిందంటే ఆ ఫోను ఇక్కడెక్కడో ఉన్నట్టు. గీతలు పెరిగితే ఇంకా దగ్గరికొస్తున్నట్టు.

రెండు గీతలు.

మెట్ల మీద చప్పుడు. తడిబట్ట బండకేసి కొట్టినట్టు... ఆగి... మళ్లీ. ఏటి బురద వాసన.

మూడు.

"గడియ వేశావా?"

"వేశాను..."

నాలుగు.

కరెంటు పోయింది. కంప్యూటరు ఫ్యాన్ల రొద ఆగింది. బల్ల వెనకాల... టప్... టప్... నీటిచుక్కలు.

అమ్మాయి ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఒట్టు అన్నా," అంది మెల్లగా. "ఇక చూడను. ఒట్టు."

కిర్... కిర్... కిర్...

మర బిగుస్తున్న చప్పుడు. ముప్పై ఏళ్లుగా ఎరిగిన చప్పుడు.

కరెంటు వచ్చింది. గడియ వేసినట్టే ఉంది. కంప్యూటరు లేచేసరికి తెర నిండా పేర్లు, కింద ఇంటివాళ్లది అన్నిటికంటే పైన. 'అన్న' మాత్రం లేదు. పెట్టె వెనక రెండు నల్లటి యాంటెన్నాలు, నాచు పట్టి, నీళ్లు కారుతూ...

ఆరింటికి ఆమె కళ్లు తుడుచుకుని కూర్చుంది. ఏడింటికి అయిపోయింది. ఆమె మొహం కడుక్కోవడానికి లోపలికి వెళ్లింది. తడికి కార్డు పాడవుతుందని బాబాయ్ యాంటెన్నాలు ఒక్కొక్కటే విప్పి తుడుస్తున్నాడు. ఇంతలో ఫోన్ మోగింది, ఆ వెంటనే లోపలి నుంచి కేక: "బాబాయ్! తీసుకున్నారు! సోమవారం చేరమన్నారు!" ఆ పిల్ల ఏడుపూ నవ్వూ చూసి ఈయన కళ్లూ చెమర్చాయి. చేస్తున్న పని మరిచిపోయి, ఆ సంబరంతోనే ఇల్లు చేరాడు.

చొక్కా విప్పి దండెం మీద వేసి, తన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. వీధిలోవాళ్ల నెట్‌వర్కులన్నీ వరసగా ఉన్నాయి. అన్నిటికంటే అడుగున, 'అన్న'.

ఒక్క గీత.

"ఏమండీ," భార్య దొడ్లోంచి కేకేసింది. "జేబంతా ఇలా తడిపారేం? ఇదేమిటి, ఈ నల్లపుల్ల?"

రెండో గీత వెలిగింది.

బాబాయ్ తలుపు గడియ కేసి చూశాడు. వేసే ఉంది. అక్కడ కూడా వేసే ఉంది.