చెంచాలు కింద పెట్టే సాయంత్రం

ఫోన్ మోగినప్పుడు నా చేతులనిండా పిండి. పెళ్లయి ఇరవై రెండు రోజులే గనక చపాతీలు ఇంకా గుండ్రంగా రావడం లేదు. మా ఆయన రాజశేఖర్ స్పీకర్ ఆన్ చేశాడు.

అవతల మా హోటల్ మేనేజర్ జయశీలన్ గారు. విమానం రద్దయి చెన్నై సంగీత బృందం రావడం లేదట. రేపు సాయంత్రం ఏడింటికి పెద్ద హాల్లో గంటసేపు శేఖర్ వయొలిన్ వాయించాలట. వరుసగా కుర్చీలు వేస్తారట. భోజనాలు ఆ తర్వాతేనట.

నేను పిండి చేతులతోనే శేఖర్ చెంపలు పట్టుకున్నాను. ఇద్దరికీ ఒకేసారి మా బాపు, అంటే మా నాన్న, గుర్తొచ్చాడు.

ఎయిర్‌పోర్ట్ దగ్గరున్న ఆ హోటల్లో నేను రిసెప్షనిస్టును. శేఖర్ అక్కడి రెస్టారెంట్‌లో రోజూ సాయంత్రం వాయిస్తాడు. మా మొదటి మాటే గొడవ. ఎవరో గెస్ట్ ఫోన్ మాట్లాడుకోవాలట, సౌండ్ జర తగ్గించమని చెప్పడానికి వెళ్లాను.

"ఇంతకన్న తగ్గించాలంటె పెట్టెల పెట్టి మూత ఎయ్యాలె మేడం," అన్నాడు.

"ఎయ్యండి మరి. నాకు గూడ జర పని తగ్గుతది," అన్నాను.

ఆ మర్నాటి నుంచి విచిత్రం. నేను కౌంటర్ దగ్గరికొచ్చి నిలబడితే చాలు, ఎవరూ అడగకుండానే వయొలిన్ మెల్లబడేది. నన్ను చూసి భయపడుతున్నాడనుకుని మురిసిపోయాను. ఆ మురిపెం ఎక్కడిదాకా పోయిందో మా పెళ్లి ఆల్బమ్‌లో ఉంది.

బాపు పేరు కుర్మయ్య. మామిడిపల్లిలో ఆకుకూరలు పండిస్తాడు, శనివారం శనివారం భజన నడిపిస్తాడు. మా పెళ్లికి అడ్డు చెప్పలేదు. అల్లుడి వాయిద్యం వినడానికి హోటల్‌కు మాత్రం రానన్నాడు.

"నువ్వు వాయిస్తుంటె ఒక్కడన్న చెంచ కింద పెడ్తడా? పెట్టిన నాడు చెప్పు, వస్త."

శేఖర్ నవ్వేశాడు. ఇంటికొచ్చాక మాత్రం శుభ్రంగా ఉన్న వయొలిన్‌నే చాలాసేపు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

చపాతీలు వదిలేసి మామిడిపల్లికి బండెక్కాం. పహాడీ షరీఫ్ దగ్గర జల్లు పట్టుకుంది. నా చున్నీ వయొలిన్ పెట్టెకు కప్పాను. నాకు శేఖర్ వీపు ఉంది.

బాపు వసారాలో పాలకూర కట్టలు కడుతున్నాడు. మేం చెప్పిందంతా విన్నాడు.

"ప్లేట్లుండయా?"

"ఉండయి మామా. తిండి పాట అయినంకనే."

"చెంచలు?"

"అవి గూడ ఉండయి."

ఏం వాయిస్తవని అడిగాడు బాపు, కట్ట కడుతూనే. శేఖర్ పెట్టె తెరిచి వాయించడం మొదలుపెట్టాడు.

అది బాపు సొంతంగా కట్టిన భజన పాట. మా ఊరి భజనలో తప్ప ఎక్కడా వినపడదు. అమ్మ వంటింట్లోంచి వచ్చి గడపలో నిలబడిపోయింది. బాపు చేతిలోని పాలకూర కట్ట కింద పెట్టాడు.

రెండో చరణంలో చెయ్యెత్తి ఆపాడు.

"గీడ తప్పు. పైకి పోవాలె, నువ్వు కిందికి దిగినవ్. ఎవరు నేర్పిన్రు?"

శేఖర్ నా వైపు చూశాడు. నాకు ముఖం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. కౌంటర్ దగ్గర పని చేసుకుంటూ నేను కూనిరాగం తీసేది ఆ పాటే. ఆ చోట నా గొంతు చిన్నప్పటి నుంచీ పైకి అందదు.

"నేనొస్తే మెల్లగ వాయించేది గిందుకా?" అన్నాను.

"మరి నువ్వు పాడేది ఇనపడాలె గద సంతోషీ."

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తప్పు దిద్దుకుంటానని బాపుతో అంటున్నాడు శేఖర్.

"ఏం దిద్దకు," అన్నాడు బాపు. "నా బిడ్డ పాడినట్టె వాయించు." అమ్మ వైపు తిరిగాడు. "రాములమ్మా, నా తెల్ల ధోతి తీసిపెట్టు. రేపటి శనివారం భజన పొద్దుగాల్నే కానిద్దం. ఆరింటికల్ల మా భజనోళ్లందరం హోటల్ల ఉంటం. ముందలి కుర్సీలు మాకే ఆపిపెట్టు అల్లుడా."