గొడుగుల షాపు తరఫున

పోయినవాళ్లకు మన సంగతులు తెలుస్తాయా, తెలియవా?

గొడుగులు బాగుచేసే ఆ అబ్బాయికి ఈ సందేహం తాత పోయిన రోజు పుట్టింది. అప్పటికి చిన్నపిల్లాడు. అడిగితే అమ్మ "అన్నీ తెలుస్తాయి" అంది. నాన్నేమో "అక్కడ వాళ్ల పనులు వాళ్లకుంటాయిలేరా" అన్నాడు. ఇద్దరూ దేవుణ్ని నమ్ముకున్నవాళ్లే. ఎవరి మాట నిజమో తేలకుండానే నాన్న కూడా వెళ్లిపోయాడు.

నాన్న పోయాక షాపుకు వచ్చేవాళ్లు తగ్గారు. అమ్మ మాటలు అంతకంటే తగ్గాయి. షాపు వెనక గదిలో గోడకు చేరబడి కూర్చునేది. పెడితే తినేది, లేకపోతే లేదు. ఈ వానాకాలం కూడా ఇలాగే పోతే షాపు ఎత్తేసి ఉద్యోగం చూసుకోమని అక్క తేల్చి చెప్పింది. బావ మాత్రం ఒక సలహా ఇచ్చాడు.

"వెబ్‌సైట్ పెట్టరా. పెద్ద ఖర్చేం ఉండదు. కొత్తగా నేర్చుకుంటూ ఎవరో చేసిన పేజీ ఒకటి నా దగ్గరుంది, కుట్టు షాపుది. పేరు మార్చి మనది పెట్టెయ్."

"నాకు కోడింగ్ రాదు బావా."

"గొడుగు విప్పి బిగించడం వచ్చుగా? ఇదీ అంతే. విప్పు, చూడు, బిగించు."

విప్పడం బాగానే విప్పాడు. బిగించడమే కుదరలేదు. గొడుగు ఫొటో పెడితే అదే పేజీ అంతా పరుచుకుంది. ఒక బ్రాకెట్టు చెరిపితే అక్షరాలన్నీ ఒకదాని నెత్తిన ఒకటెక్కాయి. ఫోన్లో వీడియోలు చూసి, తిట్టుకుని, మళ్లీ చూసి, చివరికి ఎలాగో నిలబెట్టాడు. కుట్టు షాపు అని ఉన్నచోటల్లా గొడుగుల షాపు అని రాశాడు. నాన్న ఫొటో పెట్టాడు. కింద 'మీ ప్రశ్న రాయండి' అనే ఫారం అలాగే ఉంచాడు. అర్థం కాని వరుసల జోలికి పోలేదు. తెలియనిదాన్ని కెలకొద్దని నాన్న నేర్పిన పాఠం.

పేజీ ఉచితంగానే నెట్‌లోకి ఎక్కింది. ఫారం నుంచి మాత్రం ఒక్క ప్రశ్నా రాలేదు.

మొదటి వాన పడ్డ మర్నాడు ఒక రిటైర్డ్ మాస్టారు చిరిగిన గొడుగుతో వచ్చారు.

"తెమ్మని జవాబు రాశారుగా, తెచ్చాను."

"నేనా? నేను రాయలేదండీ."

మాస్టారు ఫోన్ చూపించారు. 'గుడ్డ చిరిగితే దిగులెందుకు నాయనా, ఊచలు బాగుంటే గొడుగు బతికున్నట్టే. తీసుకురా. ఇట్లు, గొడుగుల షాపు తరఫున.'

అబ్బాయి మళ్లీ చదివాడు. అది నాన్న మాట. అక్షరం పొల్లుపోలేదు. పేజీలో అతను ఎక్కడా రాయని మాట.

"నాన్నగారు బాగున్నారా?" అని మాస్టారు నవ్వుతూ అడిగారు. అబ్బాయి గొడుగు అందుకుని తల వంచుకున్నాడు.

ఆ వారమే ఒక నర్సు వచ్చింది. "నా ఎర్ర గొడుగు బాగుచేయడం అయిపోయింది, కిటికీకి వేలాడుతోంది అని రాశారండీ." నిజమే, వేలాడుతోంది. దాన్ని అతను ఆ పొద్దున్నే వాన పడుతుండగా తగిలించాడు. అప్పుడు షాపులో ఇంకో మనిషి లేడు.

"ఎవడో హ్యాక్ చేసుంటాడ్రా" అన్నాడు బావ.

"వెబ్‌సైట్‌ను హ్యాక్ చేస్తారు సరే. నాన్న మాటల్ని కూడా హ్యాక్ చేస్తారా బావా?"

బావ పేజీని కిందికీ పైకీ జరిపి చూసి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

ఆ రోజు నర్సు మాట వెనక గదిలోకి వినబడింది కాబోలు, ఆమె ఉండగానే అమ్మ లేచి వచ్చింది. ఎన్నో నెలల తర్వాత షాపులో అడుగుపెట్టడం అదే. "ఏదీ, చదువమ్మా" అంది. మళ్లీ చదివించుకుంది. ఆ పూట తనే అడిగి అన్నం పెట్టించుకుంది. మర్నాడు టీ రెండు కప్పుల్లో తెచ్చింది.

"రెండోది ఎవరికమ్మా?"

"కిటికీ పక్కన పెట్టు. ఆయనకు అక్కడే ఇష్టం."

అతను కప్పు అక్కడే పెట్టాడు. అమ్మ తింటోంది, మాట్లాడుతోంది, కస్టమర్లను పలకరిస్తోంది. ఇది నిజమేమోనని ఒక భయం. కాదని తేలితే అమ్మ మళ్లీ గోడకు చేరుతుందని అంతకు మించిన భయం. 'దేవుడా, ఇది నీ పనైతే దణ్ణం పెట్టి ఊరుకుంటాను. కాకపోతే ఎవరి పనో చూపించు' అని మొక్కుకున్నాడు.

ఒక సాయంత్రం వాన దంచికొడుతోంది. వీధిలో పురుగు లేదు. అతను ఫోన్లో తన పేజీ తనే తెరిచి, తన ఫారంలో తనే రాశాడు.

'ఎవరు మీరు?'

ఫోన్ కాసేపు ఊరుకుంది. తర్వాత అరచేతిలో వణికింది.

'ఎవరైతేనేం నాయనా. జల్లు కొడుతోంది, కిటికీ మూసుకో. గుడ్డలు తడుస్తాయి.'

కిటికీ బార్లా తెరిచి ఉంది. జల్లు గొడుగు గుడ్డల మీద పడుతోంది.

మెల్లగా తలెత్తాడు. ఎదురుగా మూసి ఉన్న షాపు చూరు కింద ఒక నల్ల గొడుగు. కింద మనిషి ఉంది, ముఖం లేదు. ముఖం ఉండాల్సినచోట చిన్న వెలుగు. ఈ గొడుగును, ఇదే వంపుతో, ఈ వానాకాలంలో చాలాసార్లు చూసినట్టు అప్పుడు తట్టింది. ఇంతలో వెలుగు ఆరిపోయింది.

ఏ ధైర్యం తోసిందో, చెప్పులు లేకుండానే రోడ్డు దాటి గొడుగు అంచు పైకెత్తాడు.

"అమ్మో! కొట్టకండి!"

అమ్మాయి. కళ్లు ఇంతింత చేసుకుని ఉంది.

"మీరు... మనిషేనా?"

"కాక? నా కాళ్లు చూడండి, ముందుకే తిరిగున్నాయి."

చూశాడు కూడా. ఆమెకు ఆ భయంలోనూ నవ్వొచ్చింది.

"ఆ కుట్టు షాపు పేజీ నాదండీ. మా పిన్ని కోసం చేసిన మొట్టమొదటి పేజీ. ఫారంలో రాసింది ఎవరికి వెళ్లాలో కోడ్‌లో ఒక వరుస ఉంటుంది. అందులో నా మెయిల్ ఉంది. మీరు పేరు మార్చారు, ఫొటో మార్చారు, అది మార్చలేదు."

"అర్థం కాలేదు. అందుకే ముట్టుకోలేదు."

"మహానుభావా! ఊచ విరిగింది వదిలేసి గుడ్డ మార్చారన్నమాట."

"తెలిశాక చెప్పొచ్చుగా?"

ఆమె నవ్వు ఆగింది. "పేజీలో మీ నాన్నగారి ఫొటో చూసి గుర్తుపట్టాను. వచ్చినవాళ్లు చూపిస్తే చదివి నవ్వుకుంటారని మొదటి జవాబు ఆయనలాగే రాశాను. చెబుదామనే వచ్చాను. చూస్తే ఆయన కూర్చునే స్టూలు ఖాళీగా ఉంది. ఆయన పోయారని పక్క షాపతను చెప్పాడు. ఇక ఆపబుద్ధి కాలేదు. ఆపితే ఆ మాటలు కూడా పోతాయనిపించింది."

"ఎన్నిసార్లు వచ్చారు?"

"వాన పడ్డప్పుడల్లా."

"నాన్న కోసమేనా?"

"మొదట్లో."

"తర్వాత?"

గొడుగు కాస్త కిందికి దిగింది. "ఊచ బిగించేటప్పుడు మీరు నాలుక బయటపెడతారు. ఎవరూ చెప్పలేదా?"

అతను గభాలున నోరు మూసుకున్నాడు. తర్వాత అమ్మ సంగతీ, రెండో కప్పు సంగతీ చెప్పాడు. ఆమె ముఖం పాలిపోయింది.

"నేనే చెబుతాను, పదండి."

"వద్దు. అమ్మ మళ్లీ గోడకు చేరుతుంది."

"చెప్పకపోతే ఆవిడ నా కోసం రోజూ టీ చల్లారబెడతారు. పాపం కాదూ?"

అతను వాన వైపు చూశాడు. "ఆ వరుస మాత్రం మార్చను. జవాబులు మీరే రాయండి. ఇకనుంచి మీ మాటగా."

"జీతమెంత?"

"టీ. వేడిది. బతికున్నంతకాలం."

ఆమె గొడుగును అతని నెత్తి మీదికి కూడా జరిపింది.

అప్పటికి లోపల్నుంచి వచ్చి, కిటికీ మూసి పక్కన కుర్చీలో కూర్చున్న అమ్మ ముందు నిలబడి, బట్టల్నుంచి నీళ్లు కారుతుండగా, అమ్మాయి ఒక్కటీ దాచకుండా చెప్పింది. అమ్మ చల్లారిన కప్పును చేతుల్లోకి తీసుకుంది.

"ఆయన కాదన్నమాట."

కప్పును పక్కన పెట్టి అమ్మాయి వైపు చూసింది.

"మరి ఆయన మాట నీకెలా పట్టుబడింది?"

"చిన్నప్పుడు స్కూలు గొడుగు తెచ్చానండీ. వాన తగ్గేదాకా కూర్చోబెట్టుకుని ఎన్నో కబుర్లు చెప్పారు. పిల్లల దగ్గర డబ్బులు తీసుకోను, ఒక పాట పాడి పొమ్మన్నారు. నాకు సిగ్గేసింది. రేపు పాడతానని పారిపోయాను. ఇంతలో మేం ఇల్లు మారిపోయాం."

అమ్మ తలెత్తింది. "ఒక పిల్ల పాట బాకీ పడిందే అని వాన పడ్డప్పుడల్లా అనేవాడు. చివరి వానకు కూడా అన్నాడు. నువ్వేనా అది?"

అబ్బాయి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఎవరి కోసమో చేసిన పేజీ తన చేతికెలా వచ్చిందో, అన్ని ఫోన్లుండగా ఈ పిల్ల ఫోన్‌కే ప్రశ్నలెందుకు వెళ్లాయో, అడగడానికి అతనికి మనసొప్పలేదు.

"నిలబడ్డావేం?" అంది అమ్మ. "ఆయన స్టూలు మీద కూర్చుని పాడు."

గొంతు గొప్పదేమీ కాదు. పైగా వణుకు. మధ్యలో ఒకచోట తడబడి ఆగితే, గోడకు చేరబడని అమ్మ ఆ మాట అందించింది. పాట చివరిదాకా సాగింది.

"సరే," అంది అమ్మ, కళ్లు తుడుచుకుంటూ. "ముట్టింది."