నల్లబడని రూపాయి

సుజాతమ్మ పూజగదిలో ఐదు వెండి రూపాయలున్నాయి. వరలక్ష్మీ వ్రతం నాడు వాటిని కలశం ముందు బియ్యంలో, రాజుగారి తల పైకి వచ్చేలా పేర్చి, ఆ తలల మీద కుంకుమ పెట్టడం బాగేపల్లిలో ఆ ఇంటి ఆనవాయితీ. ఏ రాజో, ఏ సంవత్సరమో ఎవరికీ పట్టదు. రాజు తల ఉంటే చాలు, ఆ ఇంట్లో అది వెండి రూపాయే.

వ్రతం ఇంకో నాలుగు రోజులుందనగా, ఓ ఉదయం కోడలు మంజుశ్రీ వాటిని చింతపండుతో తోముతోంది. చిక్కబళ్ళాపురం నుంచి ఏడు నెలల బిడ్డతో వచ్చిన ఆడబిడ్డ నేత్ర పక్కనే కూర్చుని కాఫీ తాగుతోంది. బిడ్డ కడియాల్లో పుట్టింటి వెండి కొంచెమైనా ఉండాలని ఆమె ఆశ. ఒక రూపాయి కరిగించుకోమని సుజాతమ్మ మాటిచ్చింది కూడా.

"వెండైతే అయస్కాంతానికి అంటుకోదంట వదినా. ఫోన్‌లో చూసినా" అంటూ నేత్ర ఫ్రిజ్ తలుపుకున్న అయస్కాంతం బొమ్మ ఊడదీసుకొచ్చింది.

నాలుగు రూపాయలు కదల్లేదు. ఐదోది టక్కున అంటుకుంది.

"అమ్మా! ఇది వెండి కాదు!"

పూలు కడుతున్న సుజాతమ్మ లేచి వచ్చింది. రూపాయిని లాగి చూసింది. మళ్ళీ పెట్టి చూసింది. ఆవిడకు ఆలోచన కంటే మాట ముందు వస్తుంది, అదే ఆవిడతో చిక్కు.

"మాఘమాసంలో ఇవి చింతామణికి పోయొచ్చినాయి కదా."

మంజుశ్రీ చేతిలో చింతపండు ఆగిపోయింది. చింతామణి తన పుట్టిల్లు. చెల్లెలి పెళ్ళిలో లక్ష్మీపూజకని తల్లి అడిగితే, ఈ ఐదూ తీసుకెళ్ళింది తనే.

"అంటే ఏమత్తా? మా అమ్మ మార్చిందనా?"

"నేనట్ల అన్నానా? పోయొచ్చినాయి అన్నా, అంతే."

"అంతేనా? మా నాయన పోయినాక మా అమ్మ రవికెలు కుట్టి మమ్మల్ని పెంచింది. ఒకరి పిన్నీసు కూడా ఇంట్లో పెట్టుకున్న మనిషి కాదత్తా." ఆమె గొంతు పెరగలేదు గానీ కళ్ళు నిండాయి. "ఒక మాట చెప్తా వినండి. ఆరేండ్లుగా వీటిని తోముతాండేది నేను. ఆ నాలుగూ ఏటేటా నల్లబడతాయి. ఇదొక్కటి ఎప్పుడూ నల్లబడలేదు. చింతామణికి పోకముందూ ఇట్లే ఉండె."

"ఇన్నాండ్లూ చెప్పలేదే మరి?"

"నల్లబడకపోతే అదే అన్నిటికన్నా మంచి వెండి అనుకుంటిని."

మంజుశ్రీ చేతులు కడుక్కుని ఐదు రూపాయలూ కొంగున కట్టుకుంది.

"రండత్తా, అంజినప్ప అంగడికి పోదాం. ఇది తేలకుండా నేను పొయ్యి ముట్టించను."

గూళూరు రోడ్డులో అంజినప్పది చిన్న వెండి అంగడి. బిడ్డనెత్తుకుని నేత్ర కూడా వెంట నడిచింది. అంజినప్ప గీటురాయి తీయలేదు. ఐదు రూపాయల్నీ వెనక్కి తిప్పి వరసగా పెట్టాడంతే.

"ఎప్పుడన్నా తిరగేసి చూస్తిరామ్మా? ఈ నాలిగింటికీ తీగలూ పూలూ ఉండాయి, ఇవి పాత వెండివి. దీనికి చూడండి, పులి ఉండాది. నలభై ఏడో సంవత్సరంది. అప్పటికి వెండి మాన్పించి నికెల్‌తో కొట్టినారు. నికెల్ అయస్కాంతానికి అంటుకుంటాది, వెండి మాదిరి నల్లబడదు. దొంగది కాదమ్మా ఇది, అసలైన సర్కారు రూపాయే."

"ఏ ఏడు అన్నావప్పా?" సుజాతమ్మ ముందుకు వంగింది.

"నలభై ఏడు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడు."

సుజాతమ్మ ఆ రూపాయిని అరచేతిలోకి తీసుకుంది. ఆవిడ తండ్రి మునికృష్ణప్పది పాతపాళ్య. స్వాతంత్ర్యం వచ్చిన ఏడు, పదిహేడేళ్ళ వయసులో బావి తవ్వే పనికి పోతే చేతికొచ్చిన మొదటి కొత్త రూపాయి ఇదని చూపిస్తూ వందసార్లు చెప్పేవాడు. కూతురి పెళ్ళినాడు దాన్ని ఆమె కొంగున ముడేశాడు. అత్తగారింటికి రాగానే అక్కడి నాలుగింటితో కలిసిపోయింది. అన్నింటికీ రాజు తలే కాబట్టి, తండ్రిది ఏదో నలభై రెండేళ్ళుగా ఆవిడకే తెలియదు.

"మా నాయనదమ్మా ఇది" అంటూ ఏడ్చేసింది. "మా నాయన రూపాయిని పట్టుకుని మీ అమ్మను దొంగను చేస్తినే!"

మంజుశ్రీ కూడా కళ్ళు తుడుచుకుంది. "మా అమ్మకు తెలీదు కదత్తా. నేనేమీ చెప్పను లెండి."

"ఆమెకు తెలీకపోతే నేను అననట్లా? రేపు పొద్దున బస్సుకు చింతామణి పోదాం. నా నోటితో నేనే చెప్తా. వ్రతానికి కూడా పిల్చుకొస్తా."

అన్నట్టే వెళ్ళింది. రవికెలు కుట్టే మిషన్ పక్కన కూర్చుని, దాచకుండా అంతా చెప్పి, వియ్యపురాలి చేతులు పట్టుకుంది. ఆమె లేచి కాఫీ పెట్టింది.

కడియాల పని వ్రతం తర్వాతకి వాయిదా పడింది. శుక్రవారం బియ్యంలో నాలుగు రాజు తలలు, నడుమ పైకి చూస్తూ ఒక పులి. సుజాతమ్మ కుంకుమ భరిణె తీసుకుని వియ్యపురాలి చేతిలో పెట్టింది.

"మా నాయనకు నువ్వు పెట్టమ్మా" అంది.