మలాకీ డెవేన్ గది తలుపు

కిల్‌డరా చర్చి హాలులో ఆ ఏడు మేము వేసిన నాటకం మా ఊరి విప్లవ నాయకుడు మలాకీ డెవేన్ గురించి. ఇంగ్లీషు సైన్యం ఆయన్ని మా ఊరి బారకాసు జైలు గదిలోనే బంధించి, తెల్లవారుజామున కాల్చి చంపింది. నాటకం రాసింది నేనే. నేను టపా బట్వాడా చేసేవాణ్ణి, పెద్దగా చదువుకోలేదు. కానీ పద్ధతి గలవాణ్ణి. మద్యం ముట్టనని ప్రమాణం చేసి కోటుకు పెట్టుకున్న పిన్ను ముప్పై ఏళ్ళుగా తియ్యలేదు.

జైలు గదికి మూడు అట్ట గోడలు కట్టాం. నాలుగో వైపు ఖాళీ, జనం చూడాలి కదా. తలుపు మాత్రం నిజంగా మలాకీ గదిదే. బారకాసు కూల్చినప్పుడు వడ్రంగి పాచీ దాన్ని తెచ్చి పందుల దొడ్డికి పెట్టుకున్నాడు. నాటకం కోసం కడిగి ఇచ్చాడు. గడియ బయటివైపే ఉంది.

శనివారం చివరి రిహార్సల్‌కి డీలియా హెషన్ వచ్చింది. ఎనభై ఏళ్ళ మనిషి. చిన్నప్పుడు ఆ బారకాసుకు పాలు పోసేది.

"ఆంబ్రోసూ, మలాకీ ఆఖర్న అన్న మాట నీకు చెప్పాను కదా. ఎందుకు రాయలేదు?"

"డీలియమ్మా, 'భయమేస్తోంది, తలుపు తీయండి' అని వీరుడు ఏడుస్తాడా? పిల్లలు చూస్తారు."

"ఏడ్చాడు. నా చెవులతో విన్నాను. నీకేం తెలుసు నాయనా, నువ్వు ఇస్త్రీ చొక్కాతోనే పుట్టావు!"

అందరూ నవ్వారు. మలాకీ వేషం వేసిన మా అక్క కొడుకు టీర్నన్ అయితే పొట్ట పట్టుకున్నాడు. "మావయ్యా, ఆ ఒక్క మాటా పెట్టెయ్యరాదూ?"

"నోర్మూసుకుని నీ మాటలు కంఠతా పట్టు," అన్నాను.

నాలుగింటికి అందరూ టీ తాగడానికి వెళ్ళారు. చలికాలం కదా, బయట అప్పటికే చీకటి పడుతోంది. నేను వేదిక ఊడ్చి, జైలు గదిలో సత్తు గ్లాసు సర్దుతున్నాను. వెనక తలుపు మూసుకుంది. గడియ పడింది.

పాచీ పరాచికం అనుకున్నాను. నవ్వుకుంటూ ముందువైపు నుంచి దిగబోయాను.

అరచేతులకు రాయి తగిలింది.

చల్లటి రాయి. తడి సున్నం. కుడికి తడిమాను... రాయే. ఎడమకి... రాయే. హాలు లేదు, కుర్చీలు లేవు. కిరసనాయిలు వాసన, పాత మూత్రం వాసన. కింద, నా మోకాలి దగ్గర, ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.

ప్రార్థన మొదలుపెట్టాను. మధ్యలో మాటలు మరిచిపోయాను. ఊపిరి ఇంకా దగ్గరకు వచ్చింది...

"రాస్తావా?" అని గుసగుస.

"రాస్తాను... రాస్తాను... భయమేస్తోంది, తలుపు తీయండి!"

గడియ జరిగింది. ఎదురుగా ఖాళీ కుర్చీలు. హాల్లో ఎవరూ లేరు.

ఇంటికెళ్ళి కలం తీశాను. కాగితం ముందు చాలాసేపు కూర్చున్నాను. నేను అలా అరిచానని ఎవరికీ తెలియదు. మలాకీ అరిచాడని మాత్రం ఊరందరికీ ఎందుకు తెలియాలి? కలం మూసేశాను. నా జీవితంలో తప్పిన మాట అదొక్కటే.

ఆదివారం సాయంత్రం హాలు కిక్కిరిసింది. నేను తెర పక్కన పుస్తకం పట్టుకుని, మరిచిపోయిన మాటలు అందిస్తున్నాను. చివరి రంగం. టీర్నన్ లేచి, వేదిక అంచుకు వచ్చి, "నాకు భయం లేదు" అనాలి.

రెండడుగులు వేసి ఆగిపోయాడు. రెండు చేతులూ ముందుకు చాపాడు. గాలిలో అరచేతులు చదునుగా నొక్కుకుపోయాయి. నోరు తెరిచి అరుస్తున్నాడు... చప్పుడు లేదు.

"ఎంత బాగా చేస్తున్నాడో!" అన్నారెవరో వెనక వరసలో.

"నాకు భయం లేదు," అని అందించాను. మళ్ళీ అందించాను. వాడి మొహం నీలంగా మారుతోంది.

ముందు వరసలో డీలియా వాణ్ణి చూడడం లేదు. నన్నే చూస్తోంది. "ఆంబ్రోసూ... ఇంకా ఎంతసేపు?"

పుస్తకం పడేసి వేదిక మీదికి వెళ్ళాను. ఊరంతా చూస్తుండగా, నా గొంతుతో, "భయమేస్తోంది, తలుపు తీయండి!" అని అరిచాను.

గడియ జరిగిన చప్పుడు. టీర్నన్ ముందుకు తూలి నా మీద పడ్డాడు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

ఆ రాత్రే పాచీ, నేను ఆ తలుపును హాలు వెనక తగలబెట్టాం. టీర్నన్ దూరంగా నిలబడి మంట చూస్తున్నాడు.

"ఎందుకు కాల్చారు మావయ్యా?" అన్నాడు మెల్లగా. "ఇప్పుడాయన ఎటు నుంచి బయటికి వస్తాడు?"

వాడి కుడి మణికట్టు చుట్టూ సున్నపు వేళ్ళ గుర్తులున్నాయి. నేనూ, వాళ్ళమ్మా ఎంత కడిగినా పోలేదు. మర్నాడు పొద్దున చూస్తే, అవి మోచేయి దాకా వచ్చాయి.